బావమరిది వైన్ లేని విందు

శనివారం పొద్దున వెండెల్ క్రూగర్ పెట్టుకున్న పనులు మూడు. సరుకులన్నీ టోకు ధరకు అమ్మే గోదాం స్టోర్‌కు వెళ్ళాలి. చవకలో మంచి రెడ్ వైన్ దొరికితే నాలుగు పెట్టెలు కొనాలి. భార్యకు తెలియకుండా వాటిని గరాజులో దాచాలి. మూడింటిలో ఆఖరిదే తేలిక అనుకున్నాడు.

భార్య కోనీకి వైన్ మీద కోపమేమీ లేదు. ఆమెకు తెలిసిన సంగతి ఏదైనా సాయంత్రం లోపల ఆమె తమ్ముడు గస్‌కు తెలుస్తుంది, అంతే. గస్‌కు లోడై అనే ఊరి దగ్గర ద్రాక్షతోట ఉంది. సొంతంగా వైన్ తీసి, తన పేరుతోనే సీసాల్లో నింపి అమ్ముతాడు. క్రిస్మస్ వచ్చినా, ఇంట్లో ఎవరికి బాప్తిస్మం అయినా, గస్ వైన్ రావాల్సిందే. దాన్ని ‘ఇంటివాళ్ళ ధర’కు ఇస్తాడు. సీసా ముప్పై డాలర్లు. ఆ ధర విని సంతోషించిన ఇంటివాళ్ళు ఇప్పటిదాకా లేరు.

సీసాతో పాటు పాఠం కూడా వస్తుంది. గ్లాసు వెలుతురులో పట్టుకోవాలి. తిప్పాలి. వాసన చూడాలి. “ఏం తగిలింది బావా?” అని గస్ అడుగుతాడు. “తడి తగిలింది,” అంటాడు వెండెల్.

ఈస్టర్ భోజనం దగ్గర ఈ వ్యవహారం ముదిరింది. వెండెల్ గ్లాసు బల్ల మీద పెట్టి, “గస్, నిజం చెప్పు. ఇది వైనా, కంచె గుంజ నానబెట్టిన నీళ్ళా?” అన్నాడు.

“నీ తప్పు కాదులే బావా,” అన్నాడు గస్. “ముప్పై ఏళ్ళు ఊళ్ళో కుళాయి నీళ్ళు పరీక్ష చేసి చేసి నీ నాలుక అరిగిపోయింది.”

వెండెల్ స్టాక్టన్ నీటి సరఫరా ఆఫీసులో ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. తననేమన్నా పడతాడు గానీ ఆఫీసును అంటే పడడు. లేచి నిలబడ్డాడు. “మా ముప్పయ్యో పెళ్ళిరోజుకు వైన్ నేనే తెస్తా. నువ్వు తీసిన వైన్ చుక్క కూడా ఆ రోజు నా ఇంట్లో పడదు. అందరూ వినండి,” అన్నాడు.

“తే బావా, తే,” అన్నాడు గస్. “తలనొప్పి మాత్రలు నేను తెస్తా.”

ఆ పెళ్ళిరోజు ఇప్పుడు వచ్చే శనివారం. పెరట్లో విందు. అరవై మంది వస్తున్నారు. వెండెల్ ఇంకా ఒక్క సీసా కూడా కొనలేదు.

గోదాం స్టోర్‌లో వైన్ కొనడానికి ఒక కిటుకుంది. అక్కడ ఈ వారం ఉన్న సరుకు వచ్చే వారం ఉండదు. ఒక సీసా ఇంటికి తీసుకెళ్ళి, రుచి చూసి, బాగుందని తిరిగి వచ్చేసరికి ఆ చోట పూలకుండీలు ఉంటాయి. అందుకని తెలిసినవాళ్ళు ఒక్క సీసా కొని, పార్కింగ్‌లోనే మూత తీసి, ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మేస్తారు. నచ్చితే అక్కడి నుంచే వెనక్కి వెళ్ళి పెట్టెలు తెచ్చుకుంటారు. ఆ ఊళ్ళో చాలామంది చేసే పనే. చేస్తామని ఎవరూ పైకి చెప్పరు.

వెండెల్ తోట సామాన్ల వైపు చివరి వరసలో కారు నిలిపాడు. లోపలికి వెళ్ళి, వైన్ బల్లల మధ్య చాలాసేపు తిరిగి, ఐదు రకాలు ఎంచుకున్నాడు. ఐదూ ఒకేసారి కొంటే పని త్వరగా అయ్యేది. కానీ మొదటిదే బాగుంటే మిగతా నాలుగూ దండగ కదా. ఒక్కటే తీసుకున్నాడు. జరిగిన అనర్థమంతా ఈ పొదుపు వల్లే జరిగింది.

తెరిచిన సీసా కారులో సీట్ల దగ్గర ఉంటే పోలీసులు పట్టుకుంటారు, డిక్కీలో ఉంటే పట్టుకోరు. వెండెల్ రూల్సు తెలిసిన మనిషి. డిక్కీ ఎత్తి, తలా భుజాలూ అందులోకి దూర్చి, కాగితం కప్పులో పోసుకుని ఒక గుక్క నోట్లో తిప్పాడు. ఒక పెద్ద ఖాళీ బిస్కెట్ల డబ్బా వెంట తెచ్చుకున్నాడు. అందులో ఉమ్మేశాడు. బాగాలేదు. మూత బిగించి మళ్ళీ లోపలికి నడిచాడు.

స్టోర్ నుంచి బయటికి వచ్చే దారిలో బిల్లు చూసి గీత కొట్టే మనిషి ఒకడుంటాడు. రెండో సీసాతో వచ్చినప్పుడు అతను ఏమీ అనలేదు. మూడోసారి బిల్లు వంకా వెండెల్ వంకా చూశాడు. నాలుగోసారి గీత కొట్టడం ఆపి అడిగాడు.

“పెద్దాయనా, బుట్ట ఒకటి తీసుకోండి. ఒక్కసారే అన్నీ పట్టుకెళ్ళొచ్చు.”

“అక్కర్లేదు. ఒక్కటి చాలు.”

“ఇందాకా అదే అన్నారు.”

“ఇందాకటిది సరిపోలేదు,” అన్నాడు వెండెల్. అతను గీత కొట్టి దారి ఇచ్చాడు.

ఆ స్టోర్‌లోనే కార్లకు టైర్లు వేస్తారు. టైర్ల కొట్టు ముందు కుర్చీలో డోరీన్ పాట్స్ కూర్చుని ఉంది. కోనీకి స్నేహితురాలు, చర్చిలో పాటల బృందానికి పెద్ద. ఆమె కారుకు నాలుగు టైర్లూ మారుస్తున్నారు. గంటన్నర పడుతుందన్నారు. పుస్తకం తెచ్చుకోవడం మరిచిపోయింది. ఎదురుగా పార్కింగ్ తప్ప చూడడానికి ఏమీ లేదు.

డోరీన్ చూసింది ఇదీ. పొద్దున్నే ఒక పెద్దమనిషి సీసా కొన్నాడు. కారు దాకా నడిచే ఓపిక ఉంది గానీ ఇంటిదాకా ఆగే ఓపిక లేదు. డిక్కీలో తల దూర్చి తాగాడు. డబ్బాలో ఎర్రగా కక్కుకున్నాడు. నోరు తుడుచుకుని మరో సీసాకి వెళ్ళాడు. మూడోసారి తల పైకెత్తినప్పుడు ఆ పెద్దమనిషి వెండెల్ అని గుర్తుపట్టింది. టైర్లు వేసే అతను బండి అయిపోయిందని చెబితే, “ఇంకాసేపు ఉంచండి,” అంది.

ఐదో సీసా తొమ్మిది డాలర్లది. స్టోర్ సొంత పేరుతో అమ్మేది. తెల్ల చీటీ, బొమ్మ లేదు. వెండెల్ గుక్క నోట్లోకి తీసుకుని తిప్పాడు, ఉమ్మడం మరిచిపోయి మింగేశాడు. ఇంకో గుక్క తీసుకున్నాడు. ఇంతకన్నా మంచి వైన్ తన జీవితంలో తాగలేదు. పార్కింగ్‌లో ఒక్క గంతు వేసి, సీసాకు ముద్దు పెట్టాడు. కప్పులో మిగిలింది చొక్కా మీద ఒలికింది. తర్వాత వెళ్ళి నాలుగు పెట్టెలు తెచ్చి, డిక్కీలో పెట్టి, ఎవరికీ కనబడకుండా దుప్పటి కప్పాడు.

డోరీన్ ఫోన్ తీసింది. “కోనీ, కూర్చున్నావా? కూర్చో,” అంది.

కోనీ మొదట నమ్మలేదు. తర్వాత ఆమెకు గరాజు గుర్తుకొచ్చింది. ఈ వారమంతా వెండెల్ పొద్దున్నే గరాజులోకి వెళ్ళి తలుపు వేసుకుంటున్నాడు. ఏం చేస్తున్నావంటే ఏం లేదంటున్నాడు. ఆయన పెట్టెలకు చోటు చేస్తున్నాడని ఆమెకేం తెలుసు. ఏడుస్తూ కూతురు ట్రూడీకి ఫోన్ చేసింది. ట్రూడీ శాక్రమెంటోలో ఆసుపత్రి నర్సు. తాగుడుకు బానిసైనవాళ్ళతో ఎలా మాట్లాడాలో చదువుకుంది.

“నువ్వొక్కదానివే అడగకు అమ్మా. అందరం కలిసి కూర్చోబెట్టి చెప్పాలి. కొండల మీద తాగుడు మాన్పించే చోటు ఒకటుంది, అక్కడ మాట్లాడి నేను బయల్దేరుతున్నా. మామయ్యను పిలువు. పాస్టర్ గారిని పిలువు. ఎవరూ అరవకూడదు. ఎవరూ తిట్టకూడదు. ఏం చెప్పినా ముందు ‘నువ్వంటే మాకు ఇష్టం’ అని మొదలుపెట్టాలి.”

“గస్ కూడా అలా అనాలా?”

“అనాలి.”

“అయితే వాణ్ణి ఇప్పటినుంచే అలవాటు చేసుకోమని చెప్తా,” అంది కోనీ కళ్ళు తుడుచుకుంటూ.

వెండెల్ దారిలో ఆగి కటింగ్ చేయించుకున్నాడు. విందుకు బల్లలు అద్దెకిచ్చే చోట మాట్లాడుకున్నాడు. ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. వాకిట్లో రెండు మూడు కార్లున్నాయి గానీ పట్టించుకోలేదు. పెట్టెలు గరాజులో దించి, పాట పాడుకుంటూ లోపలికి వచ్చాడు.

హాల్లో కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. కోనీ, ట్రూడీ, గస్, డోరీన్, పాస్టర్ ఫెల్ప్స్ కూర్చుని ఉన్నారు. మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు పక్కన తన సూట్‌కేసు ఉంది. అందరూ అతని చొక్కా మీద మరక వైపు చూశారు.

“రా నాన్నా, కూర్చో,” అంది ట్రూడీ. “నువ్వంటే మాకు ఇష్టం కాబట్టి అందరం వచ్చాం.”

“పెళ్ళిరోజు వచ్చే శనివారం కదా?”

“వెండెల్,” అంది కోనీ. “నాకంతా తెలిసిపోయింది.”

వెండెల్ ఉసూరుమన్నాడు. గస్ ముందు తెరిచి చూపించి అదరగొడదామనుకున్నాడు. “ఎవరు చెప్పారు?”

“ఎవరైతేనేం,” అంది కోనీ. డోరీన్ పైకప్పు వైపు చూసింది.

“ఎన్నాళ్ళ నుంచి నాన్నా?”

“ఈస్టర్ నుంచి.”

“ఈస్టర్ నుంచా!” కోనీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఎందుకు వెండెల్? ఏం తక్కువైంది నీకు?”

“ఎందుకేమిటి? అంతా నీ తమ్ముడి వల్లే.”

అందరూ గస్ వైపు తిరిగారు.

“బావా, నువ్వంటే నాకు ఇష్టం,” అన్నాడు గస్ పళ్ళు బిగించి. “నేనేం చేశానురా బాబూ?”

“నీ సీసాలు మింగలేకే ఈ దారి పట్టా.”

“వెండెల్ గారూ,” అన్నాడు పాస్టర్ మెల్లగా, “తప్పు ఇంకొకరి మీద నెట్టకూడదు. ముందు మనం ఒప్పుకోవాలి.”

“ఒప్పుకుంటున్నాగా! దాచింది నేనే. గరాజులో ఉంది. వెళ్ళి చూసుకోండి.”

“ఎంత ఉంది?” అంది ట్రూడీ నర్సు గొంతుతో.

“నలభై ఎనిమిది సీసాలు.”

ఎవరిదో కుర్చీ కిర్రుమంది. డోరీన్ చేతులు జోడించి కళ్ళు మూసుకుంది.

“అన్నీ నువ్వొక్కడివేనా?” అంది కోనీ.

“ఒక్కణ్ణే. ఎవర్నీ సాయం అడగలేదు. అందుకే నడుం పట్టేసింది.”

“ఎప్పటికి అయిపోతాయి అనుకున్నావు నాన్నా?”

“వచ్చే శనివారానికి. చాలకపోతే మళ్ళీ వెళ్తా.”

కోనీ గట్టిగా ఏడ్చింది. వెండెల్‌కు ఏమీ అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో వైన్ కొన్నందుకు ఆమె ఏడవడం ఇదే మొదలు. “ఇంతోటి దానికి ఏడుపెందుకు? గస్ దగ్గర కొననందుకా?” అన్నాడు.

“విందులో వైన్ ఉండదు నాన్నా,” అంది ట్రూడీ. “ఆపిల్ రసం పోస్తాం. నువ్వు విందుకు ఉండవు. రేపు పొద్దున కొండల మీద ఒక చోటికి వెళ్తున్నావు. ఆరు వారాలు. సామాన్లు సర్దేశాం.”

“నా పెళ్ళిరోజుకు నేను ఉండనా?”

“వచ్చేవాళ్ళకు నేను చెప్పుకుంటాలే,” అంది కోనీ.

వెండెల్ లేచాడు. ఆపిల్ రసం మాట విన్నాక గస్ ముఖంలో వెలుగొచ్చినట్టు అతనికి అనిపించింది. “అసలు నేనేం చేశానని?”

డోరీన్ ఇక ఉండబట్టలేకపోయింది. “వెండెల్ గారూ, మీరంటే మాకు ఇష్టం. కానీ నేను కళ్ళారా చూశా. టైర్ల కొట్టు ముందు కూర్చుని మొత్తం చూశా. సీసా కొనడం, డిక్కీలో తల దూర్చి తాగడం, డబ్బాలో కక్కడం, మళ్ళీ వెళ్ళడం. ఒకటి కాదు రెండు కాదు. ఐదు!”

వెండెల్ ఆమె వైపు చూశాడు. తర్వాత అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూశాడు. సూట్‌కేసు చూశాడు. “అయ్యో... అయ్యో దేవుడా,” అని కుర్చీలో కూలబడ్డాడు.

కిటుకు మొత్తం విడమరిచి చెప్పాడు. కక్కలేదన్నాడు, ఉమ్మానన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఇలాంటివాళ్ళు కథలు బాగా అల్లుతారని ట్రూడీ తల్లి చెవిలో చెప్పింది.

“కారు ఎక్కడ నిలిపారు?” అన్నాడు పాస్టర్ ఉన్నట్టుండి.

“తోట సామాన్ల వైపు. చివరి వరస.”

“అదే మంచిది. అక్కడ ఎండ పడదు, వైన్ వేడెక్కదు,” అన్నాడు పాస్టర్ తల ఊపుతూ.

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. పాస్టర్ గొంతు సవరించుకున్నాడు. “చర్చి విందులకు ముందుగా ఎవరో ఒకరు రుచి చూడాలి కదండీ,” అన్నాడు.

దాంతో కేసు తేలిపోయింది. కోనీ కళ్ళు తుడుచుకుని వెండెల్‌ను కౌగిలించుకుంది. వెంటనే వదిలి, “ఆ మాట నాకు ముందే చెప్పి ఏడిస్తే ఏం పోయింది?” అని వీపు మీద ఒకటి వేసింది. ట్రూడీ సూట్‌కేసు లోపల పెట్టింది. డోరీన్ మాత్రం, “మరి ముద్దు సంగతేమిటి?” అని అడిగింది. ఎవరూ పట్టించుకోలేదు.

“సరే బావా, తే చూద్దాం,” అన్నాడు గస్. ‘నువ్వంటే ఇష్టం’ అని మొదలుపెట్టే బాధ తప్పినందుకు అతని ప్రాణం లేచొచ్చింది. “గోదాంలో ఏ మందు దొరికిందో.”

వెండెల్ సీసా తెచ్చి తెరిచాడు. అందరికీ పోశాడు. గస్ గ్లాసును కిటికీ వైపు పట్టుకున్నాడు. తిప్పాడు. వాసన చూసి ఆగాడు. మళ్ళీ చూశాడు. ఒక గుక్క తాగాడు. తర్వాత సీసా చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, చిన్న అక్షరాలు చదివి, బల్ల మీద పెట్టేశాడు.

“ఏం తగిలింది గస్?” అన్నాడు వెండెల్. ఈ మాట అడగడానికి అతను ఏళ్ళ తరబడి కాచుకున్నాడు.

“పరవాలేదు,” అన్నాడు గస్.

“పరవాలేదా? నీ వైన్‌కు దీనికి పోలికుందా? కంచె గుంజ వాసన ఉందా ఇందులో?”

గస్ చెవి తడుముకున్నాడు. కోనీ గ్లాసు దించి తమ్ముడి వైపు చూసింది. అతని వైన్ ఆమె తాగినంతగా ఇంకెవరూ తాగలేదు.

“గస్. ఇది నీదే.”

“కాదక్కా.”

“చెవి తడుముకుంటున్నావు. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టినప్పుడూ ఇలాగే తడుముకున్నావు. పోయినేడు కాపు ఎక్కువైంది, పెద్ద ట్యాంకు మొత్తం ఎవరో కొన్నారు అన్నావు. ఎవరు కొన్నారు?”

“అక్కా, అది ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను.”

పాస్టర్ తన గ్లాసు ఖాళీ చేసి, మర్యాదగా ఇంకొంచెం పోసుకున్నాడు.

“ఎంతకు కొన్నావు బావా?” అన్నాడు గస్ చివరికి.

“తొమ్మిది డాలర్లు.”

“తొమ్మిదా!” గస్ మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

“మాకేమో ముప్పై,” అంది కోనీ. “ఇంటివాళ్ళ ధర.”

గస్ నేల చూశాడు. తర్వాత అతని మీసం కింద ఏదో కదిలింది. తలెత్తి వెండెల్‌ను చూశాడు.

“బావా. ఐదు రకాలు చూశావు కదూ?”

వెండెల్ సీసాకు మూత బిగించడం మొదలుపెట్టాడు.

“చీటీ మీద నా పేరు లేకుండా, నాలుకతో చూసి, ఐదింటిలో దీన్ని ఎంచుకున్నావు.”

“గంతు కూడా వేశాడు,” అంది డోరీన్. “సీసాను ముద్దు పెట్టుకున్నాడు. ఇందాకటి నుంచి అదే చెప్తున్నా.”

“ముద్దా!” అన్నాడు గస్. అతను జీవితంలో అంత ఆనందంగా ఎప్పుడూ కనిపించలేదు. “ఎక్కడ పెట్టాడండీ? మూత మీదా, చీటీ మీదా?”

“మూత మీదే. రెండుసార్లు.”

వెండెల్ లేచాడు. “వెనక్కి ఇచ్చేస్తా. ఆ స్టోర్‌లో ఏదైనా వెనక్కి తీసుకుంటారు. ఇప్పుడే వెళ్తా.”

“నలభై ఎనిమిదిలో ఒక్క సీసా గరాజు దాటినా, సూట్‌కేసు మళ్ళీ బయటికి వస్తుంది,” అంది కోనీ. “కొండల మీదికి నేనే దింపి వస్తా. ఇద్దరూ వినండి. తొమ్మిది డాలర్లకు ఇంత మంచి వైన్ దొరికింది. విందులో ఇదే పోస్తాం. వెండెల్, నువ్వు మళ్ళీ అడ్డం చెప్పకు. గస్, నువ్వు మీసం కింద నవ్వకు.”

శనివారం సాయంత్రం అరవై మందీ వచ్చారు. పెరట్లో దీపాలు పెట్టారు. మొదటి గ్లాసు కాగానే వైన్ ఎక్కడిదని ఒకరు అడిగారు. తర్వాత ఇంకొకరు అడిగారు. ఆ పూటంతా అడుగుతూనే ఉన్నారు. జవాబు తెలిసినవాళ్ళలో తీసినవాడు ఒప్పందం వల్ల, తెచ్చినవాడు ఈస్టర్ నాటి శపథం వల్ల నోరు విప్పలేదు.